తరగని వెల

‘ఏనుగు బ్రతికినా వెయ్యి వరహాలే, చచ్చినా వెయ్యి వరహాలే’ అని తెలుగువారి సామెత. యంత్రాలకు ఈ భాగ్యం సాధారణంగా దక్కదు. కొత్త కారు షోరూము గడప దాటి రహదారి మీదికి వచ్చిన క్షణం నుండే దాని వెల తరగనారంభిస్తుంది. బీమా సంస్థలు ఈ తరుగుదలను ఒక పట్టికగా ఏర్పరచుకొన్నాయి. ఆరు నెలలు నిండని బండికి వెలలో 5 శాతం, ఏడాది లోపల 15 శాతం, రెండేళ్ళ లోపల 20 శాతం, మూడేళ్ళ లోపల 30, నాలుగేళ్ళ లోపల 40, ఐదేళ్ళ లోపల 50 శాతం తరుగు తీసివేసి, మిగిలిన మొత్తానికి బీమా కడతారు. ఐదేళ్ళు దాటిన బండి వెల ఎంత అన్నది యజమానీ, బీమా సంస్థా కూర్చొని తేల్చుకోవలసిన విషయం. ఈ పట్టిక దృష్టిలో బండ్లన్నీ సమానమే. నగరంలో నునుపైన వీధుల మీద తిరిగే చిన్న కారైనా, కొండవాగులు దాటే జీపైనా ఐదేళ్ళకు సగం వెల పోగొట్టుకోవలసిందే.

కాని సంత లెక్క వేరు. నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతాలలో సెకండ్ హ్యాండ్ బండి కొనదలచినవాడు పట్టికలను నమ్ముకొని బయలుదేరితే నిరాశ తప్పదు. మెరుగులు తగ్గని కారు ఒకటి అడిగినవాడు లేక చెట్టు కింద నిలిచి ఉంటుంది. రంగు వెలిసి, తలుపులు కిరకిరలాడే పాత జీపు దగ్గర మాత్రం బేరగాండ్రు మూగి ఉంటారు. అందాన్ని బట్టి చూచినా, సుఖాన్ని బట్టి చూచినా ఇది విపరీతంగానే తోస్తుంది. అయితే వాడిన బండిని కొనేవాడు అందానికీ, గడచిన కాలానికీ వెల కట్టడు. ఆ బండి ఇకమీదట ఎంత పని చేయగలదు, చెడిపోతే ఎంత సులభంగా బాగుపడగలదు అన్న రెండు ప్రశ్నలకే అతడు డబ్బు చెల్లిస్తాడు. ఈ సంగతి గ్రహించాలంటే ముందుగా ఆ నేలను చూడాలి.

నంద్యాల 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమయింది. పట్టణాన్ని ఆనుకొని కుందూనది పారుతుంది. తూర్పున నల్లమల కొండలు గోడ కట్టినట్లు నిలిచి ఉంటాయి. కె.సి. కాలువ, తెలుగుగంగ కాలువల నీటితో వరి పండే పొలాలు ఒకవైపు, వానను నమ్ముకొన్న మెట్ట చేలు మరొకవైపు. నంద్యాల నుండి ఆళ్ళగడ్డకు పోయే జాతీయ రహదారి విశాలమైనదే. దాని మీద ఏ కారైనా సుఖంగా పోగలదు. చిక్కంతా రహదారి దిగి పొలంబాట పట్టినప్పుడే మొదలవుతుంది. ఇక్కడి నల్లరేగడి ఎండాకాలంలో బెత్తెడు వెడల్పున నెర్రెలు విచ్చి రాయివలె గట్టిపడుతుంది. వాన పడగానే నీటిని పీల్చి ఉబ్బి జిగురుగా మారుతుంది. చెప్పులతో నడిచేవాడికి పది అడుగులలోనే చెప్పు పాదరక్షగా కాక పాదభారంగా పరిణమిస్తుంది. చక్రాల గతి కూడా అంతే. చక్రపు గాళ్ళలో మన్ను పూడిపోయి, పట్టు తప్పి, ఉన్నచోటనే గిరగిర తిరుగుతుంది.

ఇలాంటి చోట సాధారణమైన కారు ఎందుకు నిలిచిపోతుంది? ఇంజను శక్తి రెండు చక్రాలకే అందుతుంది కాబట్టి. ఆ రెండింటి నడుమ డిఫరెన్షియల్ అనే పళ్ళచక్రాల పెట్టె ఉంటుంది. మలుపు తిరిగేటప్పుడు వెలుపలి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం తిరిగే వీలు కల్పించడం దాని పని. రోడ్డు మీద ఇది గొప్ప సదుపాయం. బురదలో ఇదే శాపమవుతుంది. ఏ చక్రానికి అడ్డు తక్కువగా ఉంటే ఆ చక్రమే తిరుగుతుంది. బురదలో జారే చక్రం ఊరక తిరుగుతూ ఉండగా, గట్టినేల మీద ఉన్న చక్రం కదలక నిలిచిపోతుంది. నాలుగు చక్రాలకూ శక్తినందించే బండిలో ముందు జత కూడా నేలను పట్టి లాగుతుంది. అదనంగా మరొక చిన్న గేరుపుల్ల ఉంటుంది. దానిని వేసినప్పుడు చక్రాలు మెల్లగా తిరుగుతాయి గాని, తిరిగే బలం ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఎద్దులబండి దిగబడినప్పుడు పల్లె జనం ఇరుసు పట్టుకొని తోయరు. చక్రం పైభాగంలోని ఆకులు పట్టి కిందికి తిప్పుతారు. వేగం పోయినా బలం దక్కాలి అన్న సూత్రాన్ని వారు ఏ గ్రంథమూ చదవకుండానే ఎరుగుదురు. జీపులోని చిన్న గేరు చేసేదీ అదే.

ఆళ్ళగడ్డ నుండి సుమారు 25 కిలోమీటర్ల దూరంలో ఉన్న అహోబిలానికి వెళితే ఈ సూత్రం కళ్ళకు కట్టినట్లు కనిపిస్తుంది. శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్ర కాలంలో దర్శించిన క్షేత్రమిది. ఆయన నిలిపినదని చెప్పే జయస్తంభం అక్కడ నేటికీ ఉంది. నవనారసింహ క్షేత్రాలలో కొన్నింటికి బస్సులోనే చేరుకోవచ్చు, కొన్నింటికి కాలినడకే శరణ్యం. పావన నరసింహస్వామి సన్నిధికి పోయే అడవిదారి మాత్రం ఈ రెండింటికీ నడుమ నిలిచింది. దానిని దారి అనడం కంటె రాళ్ళ వరుస అనడం సముచితం. అక్కడికి నడవలేని యాత్రికులను చేరవేసేవి బాడుగ జీపులే. ఒక చక్రం బండరాయి మీద, మరొకటి గుంతలో ఉండగా, లోపల కూర్చున్నవారు నరసింహనామం మరింత భక్తితో స్మరిస్తారు. ఆ జీపులలో ఇప్పటి విద్యార్థుల కంటె వయసులో పెద్దవి ఎన్నో ఉన్నాయి. వాటి యజమానికి అది అలంకారం కాదు, జీవనోపాధి. ఆ బండి కదలని రోజున అతని ఇంట పొయ్యి మీద ఎసరు కూడా ఆలోచించే పెట్టాలి. కాబట్టి అతడు జీపును కొనేటప్పుడు చూచే చూపు, నగరంలో కారు కొనే ఉద్యోగి చూచే చూపు ఒకటి కాజాలవు.

వాహనాన్ని పరీక్షించి వెల కట్టే విద్య తెలుగునాట కొత్తది కాదు. మంచి గుర్రానికి ఉండవలసిన లక్షణాలను మనుమంచిభట్టు పద్యాలలో వివరించాడు. ఏనుగులనూ, గుర్రాలనూ తెచ్చే దూరదేశపు వర్తకులను రాజు ఆదరించాలని ఆముక్తమాల్యదలోని రాజనీతి భాగం చెబుతుంది. గుర్రం దొరకకపోతే రాజ్యమే నిలువని కాలమది. పశువుల సంతలో నేటికీ కొనుగోలుదారు ఎద్దు పళ్ళు చూస్తాడు, గిట్టలు చూస్తాడు, సుడులు చూస్తాడు, నడిపించి చూస్తాడు. తువ్వాలు కింద చేతివేళ్ళు పట్టుకొని మూడోవాడికి తెలియకుండా బేరమాడతాడు. పాత జీపు ముందు నిలిచిన రైతు కూడా ఇంచుమించు ఈ పరీక్షనే జరుపుతాడు.

జీపు పుట్టుక యుద్ధంలో జరిగింది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా సైన్యం కోసం విల్లీస్ ఓవర్‌లాండ్, ఫోర్డ్ సంస్థలు రెండూ కలిసి ఆరు లక్షలకు పైగా జీపులను తయారుచేశాయి. యుద్ధరంగంలో బండి చెడితే పెద్ద కర్మాగారానికి పంపే అవకాశం ఉండదు. దొరికిన పనిముట్లతో, దొరికిన మనిషే బాగుచేయాలి. ఈ నిర్బంధమే జీపు నిర్మాణాన్ని తీర్చిదిద్దింది. మన దేశంలో 1945లో ఉక్కు వ్యాపారంతో ప్రారంభమైన మహీంద్రా సంస్థ, స్వాతంత్ర్యం వచ్చిన తొలినాళ్ళలో విల్లీస్ జీపుల విడిభాగాలను తెప్పించి ఇక్కడ బిగించసాగింది. తరువాత దేశంలోనే వాటిని తయారుచేసింది. కాలక్రమంలో పెట్రోలు ఇంజను స్థానంలో, ఫ్రాన్సుకు చెందిన ప్యూజో సంస్థ నమూనాపై రూపొందిన డీజిలు ఇంజను వచ్చింది. 2000లో బొలెరో, 2002లో స్కార్పియో, 2010లో థార్ విపణిలో ప్రవేశించాయి. రూపాలు మారినా ఎముకలగూడు చాలాకాలం ఒకే వంశానికి చెందినదిగానే ఉంది.

ఎముకలగూడు అన్న మాట ఇక్కడ కేవలం ఉపమానం కాదు. నేటి చిన్నకార్లలో పైతొడుగూ, ఆధారమూ కలిసి ఒకే పెంకుగా ఉంటాయి. గుడ్డుకు పెంకే బలం అయినట్లు వాటికి ఆ రేకే బలం. జీపు జాతి బండ్లలో నిచ్చెన ఆకారంలో రెండు నిలువు ఉక్కు దూలాలు, వాటి నడుమ అడ్డకమ్ములు ఉంటాయి. దీనినే చాసీ అంటారు. ఇంజను, ఇరుసులు, కమాన్ పట్టీలు అన్నీ దానికే బిగిస్తారు. పైతొడుగు తుప్పు పట్టితే విప్పి వేరొకటి కట్టించవచ్చు. గుద్దుకొని రేకు నలిగితే సుత్తితో సరిచేయవచ్చు. చాసీ వంగకుండా, చీలకుండా ఉన్నంతకాలం బండికి ఆయువు తీరనట్లే. బొలెరోలలో అధికభాగం రెండు చక్రాలకే శక్తి అందేవి. అయినా వాటికి పల్లెలలో గిరాకీ తగ్గకపోవడానికి ఈ చాసీయే ప్రధాన కారణం. నాలుగు చక్రాల లాగుడు ఉన్నందువల్లనే వెల నిలుస్తుందని భావించేవారు ఈ విషయాన్ని గమనించాలి.

ఇక బాగుచేయడం సంగతి. పాత డీజిలు ఇంజనులో ఇంధనాన్ని చిమ్మే పంపు పూర్తిగా యాంత్రికమైనది. దాని గుట్టు పల్లెటూరి మెకానిక్కుకు తెలుసు. చెవి ఒగ్గి శబ్దం విని, పొగ రంగు చూచి రోగనిర్ణయం చేస్తాడు. నల్లని పొగ వస్తే ఇంధనం పూర్తిగా మండడం లేదని, నీలిపొగ వస్తే ఆయిలు కాలుతోందని, తెల్లని పొగ విడువకుండా వస్తే మండని ఇంధనమో, నీరో సిలిండరులోకి చేరుతోందని అతని నిదానం. దేశమంతటా 2017 ఏప్రిల్‌లో భారత్ స్టేజ్ 4, 2020 ఏప్రిల్‌లో భారత్ స్టేజ్ 6 ఉద్గార ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. ఇంజనును కంప్యూటరు నియంత్రించే కాలం ఇది. కొత్త ఇంజను తక్కువ పొగతో ఎక్కువ శక్తినిస్తుంది. అది నిస్సందేహంగా మేలు. గాలి అందరి సొత్తు కదా. అయితే అడవిదారిలో చిన్న సెన్సర్ ఒకటి చెడితే, దానిని కనిపెట్టే యంత్రం పట్టణంలోనే ఉంటుంది. ఈ భయం వల్లనే కొందరు కొనుగోలుదారులు తమకు తెలిసిన పాత ఇంజనుకు, తెలియని కొత్త ఇంజను కంటె ఎక్కువ వెల కట్టడానికి సిద్ధపడుతున్నారు.

విడిభాగాలు దొరకడం మరొక గట్టి ఆధారం. ఒక నమూనా ఎన్నేళ్ళు పెద్దగా మారకుండా తయారైతే అన్నేళ్ళ బండ్ల భాగాలు ఒకదానికొకటి సరిపోతాయి. లక్షల సంఖ్యలో తిరిగే బండికి చిన్న ఊళ్ళోని దుకాణదారు కూడా భాగాలు నిల్వచేస్తాడు. అరుదైన బండికి చేయడు. కొందరు ఖరీదైన విదేశీ బండ్లను చవకగా దొరికాయని కొని, ఒక్క గేరుబాక్సు భాగం కోసం నెలల తరబడి ఎదురుచూడడానికి కారణమిదే. వెల తగ్గిన వస్తువు చవకైనది కానక్కరలేదు.

తయారీ ఆగిపోయిన బండికి వెల పడిపోతుందా, పెరుగుతుందా అన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. జనరల్ మోటార్స్ సంస్థ 2017 చివర భారతదేశంలో అమ్మకాలు నిలిపివేసినప్పుడు దాని బండ్లు కొన్నవారిని విడిభాగాల బెంగ పట్టుకొంది. మారుతి సంస్థ 1985లో తెచ్చిన జిప్సీ కథ వేరు. తేలికైన దేహం, నాలుగు చక్రాల లాగుడు, సైన్యం వాడుకలో సంపాదించిన ఖ్యాతి దానికి ఉన్నాయి. కొత్త భద్రతా ప్రమాణాల కాలం వచ్చేసరికి, 2019 నాటికి, అది సామాన్యుల విపణి నుండి తప్పుకొంది. కావాలనేవారు ఉన్నారు, కొత్తవి లేవు. అప్పుడు ఉన్నవాటికే విలువ హెచ్చింది. ప్రత్యామ్నాయం లేకపోవడమే ఇక్కడ వెలకు కావలి కాసింది. 2020 అక్టోబరు 2న వచ్చిన కొత్త థార్ విషయంలో కొరత మరొక రూపంలో కనిపించింది. డబ్బు కట్టినవారు నెలల తరబడి వేచి ఉండవలసి రావడంతో, అంత ఓపిక లేనివారు వాడిన బండికే కొత్తదాని దరిదాపు వెల ఇచ్చారు. అది బండి గుణం వల్ల కలిగిన విలువ కాదు, నిరీక్షణకు కట్టిన ఖరీదు. నిరీక్షణ తగ్గితే ఆ భాగం కరిగిపోతుంది. కొనేవాడు ఈ రెండింటినీ వేరుచేసి చూడకపోతే నష్టపోతాడు.

రాయలసీమలో బండి విలువ గురించి ముచ్చటించేటప్పుడు సినిమాను విస్మరించడం కుదరదు. 1999లో వచ్చిన ‘సమరసింహారెడ్డి’ మొదలుకొని కొన్నేళ్ళపాటు సీమ నేపథ్యంగా వచ్చిన చిత్రాలలో సుమోలు బారులు తీరి దుమ్ము రేపాయి. సుమంత్ మూల్గావ్‌కర్ అనే సంస్థ ప్రముఖుని పేరులోని తొలి అక్షరాలతో టాటా సంస్థ 1994లో నామకరణం చేసిన బండి అది. దాని తయారీ 2019లో ముగిసింది. తెరమీద అది పగకు చిహ్నమయింది గాని, ఊళ్ళలో అది పెండ్లివారినీ, ఆసుపత్రికి పోయే రోగులనూ మోసిన బండి. ఒక ప్రాంతపు జనానికీ, వారి బండికీ ఆ చిత్రాలు అంటగట్టిన కీర్తి వారు కోరుకొన్నది కాదు. దర్పం కోసం పెద్దబండి కొనేవారు ఉన్నారనడం నిజమే. ఆ మోజు కూడా వెలను కొంత నిలబెడుతుంది. కాని మోజు సినిమాతో మారుతుంది, బురద మారదు.

చట్టం కూడా వెలను నిర్ణయిస్తుంది. ఢిల్లీ, దాని పరిసర ప్రాంతాలలో పదేళ్ళు దాటిన డీజిలు బండ్లు తిరగరాదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది. 2018లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. 2025లో ఆ ఆంక్ష మళ్ళీ సుప్రీంకోర్టు పరిశీలనకు వచ్చింది. తిరగడానికి వీలులేని చోట బండి వెల పడిపోవడం సహజం. వాటిలో కొన్ని నిరభ్యంతర పత్రంతో ఇతర రాష్ట్రాలకు తరలిపోతాయి. ఇనుము అదే, ఇంజను అదే. నేల మారగానే వెల మారుతుంది. అయితే పరరాష్ట్రపు బండి కొనేవాడు ఇక్కడ చెల్లించవలసిన జీవితకాలపు పన్నును కూడా వెలలో కలుపుకొని చూడాలి. ఆ లెక్క తరువాత చవక అనుకొన్నది చవక కాకపోవచ్చు.

సొంత వాడకపు బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు చెల్లుతుంది. ఆపైన సామర్థ్య పరీక్షలో నెగ్గితే ఐదేళ్ళకొకసారి పొడిగిస్తారు. కారు జాతి బండ్లకు ఆ పొడిగింపు రుసుమును కేంద్రప్రభుత్వం 2022 ఏప్రిల్ నుండి 600 రూపాయల నుంచి 5,000 రూపాయలకు పెంచింది. ఇరవై ఏళ్ళు దాటినవాటికి 2025లో 10,000 రూపాయలు చేసింది. బాడుగకు తిప్పే బండి కథ మరింత కఠినం. దానికి ఎనిమిదేళ్ళు దాటాక ఏటా పరీక్ష తప్పదు. సొంత వాడకానికి నమోదైన తెల్లపలక బండిలో బాడుగ యాత్రికులను ఎక్కించడం చట్టవిరుద్ధం. ప్రమాదం జరిగితే బీమా సంస్థ మొహం చాటేస్తుంది. అప్పుడు పరిహారం యజమాని మెడకు చుట్టుకొంటుంది.

నిజానికి పాత బండి కొనుగోలులో ఎక్కువమంది మోసపోయేది ఇంజను దగ్గర కాదు, కాగితం దగ్గర. కిలోమీటర్ల మీటరు అబద్ధం చెప్పగలదని అందరికీ తెలుసు. క్లచ్చి, బ్రేకు పెడళ్ళ మీది రబ్బరు అరుగుదల దాని గుట్టు విప్పుతుంది. చాసీ కింద పడుకొని చూస్తే అతుకులు, తుప్పు కనబడతాయి. చాసీ మీద చెక్కిన సంఖ్యను రిజిస్ట్రేషన్ పత్రంలోని సంఖ్యతో సరిచూడవచ్చు. ఇవన్నీ చూచి డబ్బిచ్చి తాళంచెవి పుచ్చుకొన్నాక, పేరు మార్పిడి ‘తరువాత చూద్దాం’ అని వాయిదా వేయడం పరిపాటి. మోటారు వాహనాల చట్టం 1988లోని 50వ సెక్షను ప్రకారం రాష్ట్రంలోనే జరిగిన అమ్మకాన్ని అమ్మినవాడు 14 రోజులలో, కొన్నవాడు 30 రోజులలో రవాణాశాఖకు తెలియజేయాలి. ఇందుకు 29, 30 సంఖ్యల ఫారాలు ఉన్నాయి. వాటి మీద సంతకాలు మాత్రం తీసుకొని, తేదీ వేయకుండా, బండితో పాటు చేతులు మార్చే అలవాటు దళారుల లోకంలో ఉంది.

ఒకదాని తరువాత ఒకటిగా చేతులు మారిన కారొకటి 2009లో ప్రమాదానికి కారణమయింది. రిజిస్టరులో మాత్రం 2007లోనే దానిని అమ్ముకొన్న మనిషి పేరే నిలిచి ఉంది. పరిహారం ఎవరు కట్టాలన్న వివాదం సుప్రీంకోర్టు దాకా పోయింది. రిజిస్టరులో పేరున్నవాడే చట్టం దృష్టిలో యజమాని అని 2018 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. బండి తన చేతులలో లేదు, నడిపినవాడు తనకు తెలియదు, అమ్మిన డబ్బు ఏనాడో ఖర్చయింది. అయినా బాధ్యత అతనిదే. ఆళ్ళగడ్డలో పాత జీపు అమ్మి కూతురి పెండ్లికి డబ్బు సర్దుకొన్న రైతుకైనా, దానిని కొని అహోబిలంలో బాడుగకు పెట్టదలచిన యువకునికైనా ఈ తీర్పు సమానంగా వర్తిస్తుంది. బేరం కుదిరిన సాయంత్రం తువ్వాలు దులుపుకొని ఇంటికి పోయే ముందు, ఇద్దరూ కలిసి నింపవలసిన ఫారాలు ఇంకా మిగిలే ఉంటాయి.